వెండితెర మీద సీమ జాడలు – 9వ భాగం: కర్నూలు కోడలు భానుమతి

వాహినీ సంస్థ తొలి దశ కథ గత భాగంతో పూర్తయింది. పులివెందుల ప్రాంతం నుంచి మద్రాసు చేరిన బి.ఎన్.రెడ్డి, తాడిపత్రిలో స్నేహితులుగా పెరిగిన కె.వి.రెడ్డి, మూలా నారాయణస్వామి, వారికి తోడుగా నిలిచిన కె.రామనాథ్, ఎ.కె.శేఖర్ కలిసి 1939 నాటి ‘వందేమాతరం’ నుంచి 1943 నాటి ‘భక్త పోతన’ దాకా వరుసగా చిత్రాలు తీసి, తెలుగు సినిమాకు ఒక గౌరవప్రదమైన చిరునామా కల్పించిన తీరు అందులో చూశాం. వానలు తప్పితే కరువు తప్ప మరొకటి ఎరగని సీమ నేల నుంచి దర్శకులూ పెట్టుబడిదారులూ బయలుదేరి సముద్రతీర నగరంలో స్టూడియో కట్టగలిగారు గానీ, నటననూ గానాన్నీ ఒకే స్థాయిలో మోయగల కథానాయిక వారికి సీమ నుంచి రాలేదు. ఆమె ఒంగోలు దగ్గరి దొడ్డవరం నుంచి వచ్చారు. కర్నూలు పేరు ఆమె జీవితంలోకి పెళ్లితో ప్రవేశించింది. ఆ నటి పేరు భానుమతి, ఆమె భర్త కర్నూలులో పుట్టిన పాలువాయి రామకృష్ణారావు.

ఒక నటి ఇంటి సంగతులు చరిత్రకు ఎందుకు కావాలన్న సందేహం ఈ ధారావాహిక చదివేవారికి కలగవచ్చు. ఆ కాలంలో తెలుగు నటీమణుల ఒప్పందాలు స్టూడియో కచేరీల కంటే ముందు ఇంటి వసారాల్లో ఖాయమయ్యేవి. అమ్మాయి ఏ వేషం వేయాలి, ఎవరి పక్కన నిలబడాలి, పారితోషికం ఎవరి చేతికి అందాలి, పెళ్లయ్యాక పని కొనసాగాలా మానాలా అన్నవన్నీ తండ్రో తల్లో భర్తో తేల్చే విషయాలు. కాబట్టి భానుమతి వ్యక్తిగత జీవితాన్ని పక్కనపెట్టి ఆమె సినిమాలను మాత్రమే వరుసపెట్టి చెప్పినంత మాత్రాన, ఆమె ఎందుకు అంత ధైర్యంగా మాట్లాడగలిగారో, పెద్ద సంస్థల నుంచి ఎలా లేచి రాగలిగారో అర్థం కాదు.

1925 సెప్టెంబరు 7న పుట్టిన భానుమతికి తొలి గురువు తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య. ఆయన శాస్త్రీయ సంగీతం మీద మక్కువ ఉన్నవాడు, కూతురికి అక్షరాలతో పాటే స్వరాలు నేర్పించినవాడు. ఆ రోజుల్లో నాటకరంగంలోనూ సినిమాలోనూ పాడి ఆడే స్త్రీలలో ఎక్కువమంది సంగీత నృత్యాలను కులవృత్తిగా సాగించిన కళావంతుల కుటుంబాల నుంచి వచ్చినవారే. సంప్రదాయ గృహస్థుల ఇళ్లలో పిల్లకు పాట నేర్పడం గౌరవమే అయినా, ఆ పాటను నలుగురి ముందూ రంగం మీద పాడించడం అప్రతిష్ఠగా ఉండేది. వెంకటసుబ్బయ్య ఈ రెండింటి నడుమ ఇరుక్కున్న మనిషి. కూతురి గొంతు లోకానికి వినిపించాలన్న ఆశ ఆయనకు ఎంత ఉందో, ఆ లోకం ఆమెను ఏమంటుందోనన్న భయమూ అంతే ఉంది.

దర్శకుడు సి.పుల్లయ్య ‘వరవిక్రయం’ తీయబోతూ కొత్త ముఖాల కోసం వెతుకుతున్నప్పుడు ఆ భయం ఒక షరతు రూపం ధరించింది. కాళ్లకూరి నారాయణరావు వరకట్నం మీద రాసిన నాటకం అది. అందులో కాళింది అనే పెద్దకూతురు, కట్నమిచ్చి చేసే పెళ్లికి ఒప్పుకోక నూతిలో పడి ప్రాణం తీసుకుంటుంది. ఆ వేషం పదమూడేళ్ల భానుమతికి దక్కింది. తెలుగు చిత్రాలకు అవసరమైన సదుపాయాల కోసం నిర్మాతలు కలకత్తా దాకా వెళ్లే రోజులు కాబట్టి, ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ తీసిన ఈ చిత్రం కోసం తండ్రీ కూతుళ్లు అక్కడికే వెళ్లారు. కథానాయకుడి పాత్ర ధరించేవారు కూతురిని తాకకూడదని, కౌగిలింత వంటి సన్నివేశాలు ఉండకూడదని తండ్రి పెట్టిన నియమం ఆ తొలి రోజుల్లో ఆమె వెంటే నడిచింది. చిత్రం 1939లో విడుదలైంది. తరువాతి నాలుగేళ్లలో ‘మాలతీమాధవం’, ‘ధర్మపత్ని’, ‘భక్తిమాల’ వచ్చాయి. ఈ చిత్రాలన్నిటిలోనూ ఆమె పాటలు ఆమే పాడుకున్నారు.

ఇక్కడ ఒక్కసారి అమెరికా వైపు చూడడం అవసరం. 1939లోనే హాలీవుడ్‌లో ‘ద విజర్డ్ ఆఫ్ ఓజ్’ అనే సంగీత చిత్రం వచ్చింది. అందులో నటించి పాడిన జూడీ గార్లండ్ భానుమతి కంటే మూడేళ్లు పెద్ద. ఆమె కూడా పదమూడేళ్ల వయసులోనే, 1935లో, ఎం.జి.ఎం. అనే మహాసంస్థతో ఒప్పందం కుదుర్చుకున్నారు. నటీనటులను సినిమా లెక్కన కాక ఏళ్ల లెక్కన జీతానికి కట్టిపడేసే ఈ పద్ధతిని స్టూడియో వ్యవస్థ అంటారు. దాని కింద ఏ చిత్రంలో నటించాలో, ఏం తినాలో, ఎంత బరువు ఉండాలో, ఎవరిని పెళ్లాడితే బాగుంటుందో కూడా సంస్థే చూసుకునేది. పగలు చురుగ్గా ఉండేందుకు ఒక మాత్ర, రాత్రి నిద్ర పట్టేందుకు మరో మాత్ర అలవాటై, ఆ అలవాటు జూడీని జీవితాంతం వదల్లేదు. పంతొమ్మిదేళ్లకు తొలి పెళ్లి, మొత్తం మీద ఐదు వివాహాలు, 1950లో సంస్థతో తెగతెంపులు, అప్పులు, చివరికి 1969లో లండన్‌లో 47 ఏళ్లకే మరణం. ప్రపంచం మెచ్చిన గొంతుకు ఇంట్లో రక్షణ లేకపోయింది. జూడీని చిన్ననాటి నుంచి రంగం మీదకు తోసిన తల్లికీ, ఆ తరువాత ఆమెను కొన్న సంస్థకూ నడుమ ఆ అమ్మాయి తరఫున కాదు అనగలిగినవారు లేకపోయారు. భానుమతి తండ్రి పెట్టిన నియమాలు నేటి పాఠకుడికి ఛాందసంగా తోచినా, కాదు అనే మాట ఒప్పందంలో భాగం కాగలదని ఆ పిల్లకు చిన్ననాడే నేర్పినవి అవే.

రెండో ప్రపంచయుద్ధం మద్రాసు సినిమా బతుకును తలకిందులు చేసింది. 1942 ఏప్రిల్‌లో జపాను దాడి జరగవచ్చన్న భయంతో నగరం సగం ఖాళీ అయింది. ముడి ఫిల్ము దిగుమతి తగ్గిపోవడంతో ఏ చిత్రమూ 11,000 అడుగులు, అంటే సుమారు రెండు గంటల నిడివి, దాటరాదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఆ ఇరుకు రోజుల్లో హెచ్.వి.బాబు దర్శకత్వంలో తయారైన చిత్రం ‘కృష్ణప్రేమ’. ఆ చిత్రానికి సహాయ దర్శకుడిగా పనిచేస్తున్న యువకుడే రామకృష్ణారావు. సహాయ దర్శకుడంటే సెట్టు మీద అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర వెళ్లేవాడు. సన్నివేశానికి సన్నివేశానికీ మధ్య దుస్తులు, బొట్టు, చేతిలోని వస్తువు, నిలబడిన చోటు మారిపోకుండా రాసి పెట్టుకునేవాడు. పేరు తెరమీద చిన్న అక్షరాల్లోనే కనిపిస్తుంది, జీతమూ అంతంత మాత్రమే.

అప్పటికే పేరూ సంపాదనా ఉన్న కథానాయిక ఈ యువకుడిని ఇష్టపడడం తండ్రికి మింగుడు పడలేదు. ఆయన వ్యతిరేకతకు కారణాలు వెతకడం కష్టం కాదు. కూతురికి సినిమాల్లో ఎదురులేని భవిష్యత్తు కనిపిస్తున్నది, వరుడికి ఇంకా స్థిరమైన సంపాదన లేదు, పైగా సినిమావాడు. కూతురిని సినిమాలోకి తెచ్చిన మనిషే సినిమావాడికి పిల్లనివ్వడానికి వెనుకాడడం ఆ కాలపు మధ్యతరగతి మనసును ఉన్నదున్నట్టు చూపుతుంది. భానుమతి పట్టు వదలలేదు. 1943 ఆగస్టు 8న వారి పెళ్లి మద్రాసులో జరిగింది. తండ్రి దగ్గర నేర్చిన షరతు పెట్టే విద్యను ఆమె తొలిసారి ప్రయోగించింది తండ్రి మీదే.

పెళ్లయ్యాక నటన మానేసి ఇల్లు చూసుకుంటూ ఉండిపోవాలని ఆమె నిజంగానే అనుకున్నారు. తరువాతి కాలంలో ఆమె ఎంత గడుసుతనానికి పేరుపడ్డారో తెలిసినవారికి ఇది వింతగా ఉండవచ్చు గానీ, పద్దెనిమిదేళ్లు ఇంకా నిండని ఆ వధువు కోరుకున్నది చిన్న ఇల్లు, భర్త సంపాదన, సాయంకాలం సంగీతం. ఆ కోరికను మార్చినవాడు బి.ఎన్.రెడ్డి. ‘స్వర్గసీమ’ కోసం ఆయన ఆలోచించిన పాత్ర అప్పటి తెలుగు తెర మీద లేనిది. వీధుల్లో ఆడి పాడుకునే సుబ్బి అనే పిల్ల, ఒక పత్రికా సంపాదకుడి ప్రోత్సాహంతో రంగస్థల తార సుజాతాదేవిగా ఎదిగి, చివరికి ఆ సంపాదకుడి సంసారాన్నే కూల్చుతుంది. సంపాదకుడిగా చిత్తూరు నాగయ్య, ఆయన ఇల్లాలిగా బి.జయమ్మ నటించారు. కొత్త పెళ్లికూతురు, గృహిణిగా ఉండాలనుకున్న స్త్రీ, ఇతరుల ఇల్లు కూల్చే మోహినిగా నటించడానికి భర్త అనుమతి కావలసి వచ్చింది. రామకృష్ణారావు అనుమతి ఇవ్వడంతో ఆగలేదు, ఆమె ఇంట్లో కూర్చోవడం సరికాదని నమ్మారు. ఆ దాంపత్యంలో మలుపు అక్కడే ఉంది.

‘స్వర్గసీమ’ 1945 జనవరిలో వచ్చింది. అందులో పావురాన్ని ఉద్దేశించి సుబ్బి పాడే పాట ఇప్పటికీ ఆమె పేరు చెబితే మొదట గుర్తుకు వచ్చేది. ఆ బాణీకి ప్రేరణ 1941 నాటి హాలీవుడ్ చిత్రం ‘బ్లడ్ అండ్ శాండ్’లో రీటా హేవర్త్ మీద చిత్రించిన పాట. స్పానిష్ ఛాయలున్న ఆ నడకను తెలుగు గొంతులోకి దింపినప్పుడు భానుమతి చేసిన పనిని కాస్త దగ్గర నుంచి వినాలి. పల్లవి చివర గొంతును ఒక్కసారిగా తేల్చి, మాటకూ నవ్వుకూ మధ్య ఉండే ఒక ధ్వనిని ఆమె వదులుతారు. కర్ణాటక సంగీతం నేర్చినవారి గమకం లోపల దాగి ఉంటుంది, పైకి మాత్రం వీధి పిల్ల అల్లరి వినిపిస్తుంది. శాస్త్రం తెలిసినవారు శాస్త్రాన్ని దాచి పాడడం ఎంత కష్టమో ఆ కొద్ది క్షణాలు చెబుతాయి. రీటా హేవర్త్ విషయానికి వస్తే, తెర మీద పెదవులు ఆమెవి, గొంతు మరొకరిది. ఆమె ఎక్కువ చిత్రాల్లో అంతే. పేరు మార్చి, జుట్టు రంగు మార్చి, నుదుటి మీది కేశరేఖను సైతం వెనక్కి జరిపి, పరాయి గొంతు అతికించి ఆ తారను సంస్థ తయారు చేసుకుంది. భానుమతి గొంతు, ముఖం, పేరు మూడూ భానుమతివే. గొంతు సొంతమైనప్పుడు నటి మీద నిర్మాతకు ఉండే పట్టు సగానికి తగ్గుతుంది, ఎందుకంటే ఆమె స్థానంలో మరొకరిని తేవాలంటే ఇద్దరిని తేవాలి.

1947లో భానుమతి దంపతులు తమ కుమారుడు భరణి పేరుతో సొంత నిర్మాణ సంస్థ స్థాపించారు. సంస్థ మొదటి చిత్రం ‘రత్నమాల’ 1948లో, రెండో చిత్రం ‘లైలా మజ్ను’ 1949లో వచ్చాయి. రెండింటికీ దర్శకుడు రామకృష్ణారావే. తరువాత మద్రాసు శాలిగ్రామంలో భరణీ స్టూడియో వెలిసింది. పిల్లవాడి పేరు సంస్థకు పెట్టడంలో మురిపెం ఉంది గానీ, ఆ ఏర్పాటు వెనుక లెక్క కూడా ఉంది. భార్య నటన, గానం, భర్త దర్శకత్వం, కూర్పు, అంటే చిత్రించిన ముక్కలను కత్తిరించి కథగా అతికే పని, ఇవన్నీ ఇంట్లోవే కావడం వల్ల ఆ సంస్థకు ఖర్చు తగ్గింది, లాభం వచ్చినా నష్టం వచ్చినా ఇంటికే చేరింది. ఇంటి వ్యవహారమూ పని వ్యవహారమూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. భోజనాల దగ్గర కథల చర్చ, స్టూడియోలో ఇంటి పద్దుల మాట వచ్చే జీవితం అది. బయటి సంస్థలు ఇచ్చే వేషాలు లేకపోయినా గడిచే స్థితి ఆమెకు 22 ఏళ్లకే ఏర్పడింది.

ఆ స్థితిలో ఉన్న భానుమతిని బి.ఎన్.రెడ్డి మళ్లీ వెతుక్కుంటూ వచ్చిన చిత్రం ‘మల్లీశ్వరి’. 1951 డిసెంబరులో విడుదలైన ఈ చిత్రానికి మూలం కొంత బుచ్చిబాబు రచన, కొంత దేవన్ శరార్ రాసిన ఆంగ్ల కథ. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రివి, ఆయన సినిమాకు రాయడం అదే మొదలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు. కథాకాలం శ్రీకృష్ణదేవరాయల కాలం. హంపిని తాకి వచ్చే తుంగభద్రే మంత్రాలయం మెట్ల పక్కగా సాగి కర్నూలు కోట కిందకు చేరుతుంది కాబట్టి, ఈ ప్రాంతం వారికి ఆ చిత్రం పరాయి రాజుల కథగా అనిపించే వీలు లేదు.

కథలో ఒక వాన రాత్రి ఉంది. మారువేషంలో వచ్చిన రాయలు, ఆయన వెంట అల్లసాని పెద్దన సత్రంలో తలదాచుకుంటారు. కథానాయిక మల్లి పాటకు, ఆటకు వారు మెచ్చుకుంటే, వచ్చినది రాజని తెలియని బావ నాగరాజు, ఆమె కోసం పల్లకీ పంపేలా రాజుతో చెప్పమని వేళాకోళం ఆడతాడు. ఆ వేళాకోళమే తరువాత నిజమై, రాణివాసం పల్లకీ ఇంటి ముంగిట దిగుతుంది. సంపద ఆశించిన తల్లి సంతోషిస్తుంది, కూతురు ఏడుస్తూ ఎక్కుతుంది. అంతఃపురంలో అడుగుపెట్టిన స్త్రీకి బయటి ప్రపంచం లేదు, లోపలికి వచ్చిన పురుషుడికి ప్రాణం దక్కదు. ఒక ఆడపిల్ల కళను అధికారం మెచ్చితే ఆ మెప్పే ఆమెకు చెరసాల అవుతుందన్న సంగతిని ఇంత మెత్తగా, ఇంత స్పష్టంగా చెప్పిన తెలుగు చిత్రం మరొకటి లేదు. పల్లకీ కదిలాక మల్లి తల తిప్పి చూసే చూపులో భానుమతి ఎక్కడా గొంతు పెంచరు, చేతులు విసరరు. తారగా తన పల్లకీని తానే సమకూర్చుకున్న నటి, పల్లకీ ఎక్కక తప్పని పిల్ల వేదనను అంత నిబ్బరంగా చూపగలగడం ఆమె నటనాశక్తికి నిదర్శనం. 1953లో చైనా భాషలో ఉపశీర్షికలు చేర్చి ఈ చిత్రాన్ని బీజింగులో ప్రదర్శించారు.

బీజింగు సంగతి అలా ఉంచితే, ఆదోని తాలూకా పల్లెలకు అలాంటి చిత్రం చేరే దారి వేరు. మద్రాసు నుంచి బొంబాయి వెళ్లే రైలుదారి కడప, గుంతకల్లు, ఆదోని, మంత్రాలయం రోడ్డు స్టేషన్ల మీదుగా రాయచూరు చేరుతుంది. రేకు పెట్టెల్లో సర్దిన ఫిల్ము చుట్టలు అలాంటి రైళ్లలోనే జిల్లాలకు వచ్చేవి. పట్టణాల్లో ఆడి ఆడి గీతలు పడిన ప్రతి, ఎన్నో నెలలకు టూరింగు టాకీసుకు చేరేది. టూరింగు టాకీసంటే ఊరి చివర డేరా వేసి కొన్నాళ్లు ఆడించి మరో ఊరికి తరలిపోయే సినిమాహాలు. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు, యంత్రం ఒకటే కావడం వల్ల చుట్ట మార్చినప్పుడల్లా విరామం, చీకటి పడగానే లౌడుస్పీకరులో గ్రామఫోను పాటలు. ఆ పాటలు వినిపించాయంటే ఆట మొదలు కాబోతున్నదని చుట్టుపక్కల పల్లెలకు తెలిసేది. బెంచి కొనలేనివారికి కూడా గొంతు ఉచితంగా అందేది. జొన్నచేల మధ్య బండి కట్టుకుని వచ్చే కుటుంబాలకు భానుమతి ముందుగా గొంతుగానే పరిచయమయ్యారు.

1953 ఈ కథలో రెండు విధాల ముఖ్యమైన సంవత్సరం. ఆ ఆగస్టులో ‘చండీరాణి’ తెలుగు, తమిళం, హిందీ భాషల్లో విడుదలైంది. ఎన్.టి.రామారావు నాయకుడు, భానుమతి ద్విపాత్రాభినయం చేశారు, మూడు భాషల్లోనూ దర్శకత్వం ఆమెదే. తెలుగు చిత్రానికి స్త్రీ దర్శకత్వం వహించడం అదే ప్రథమం. ఇంట్లోనే దర్శకుడు ఉండగా ఆమె ఆ కుర్చీలో కూర్చోవడం, ఆయన నిర్మాతగా పక్కకు తొలగి నిలబడడం ఆ కాలపు దాంపత్యాల్లో అరుదైన దృశ్యం. సరిగ్గా ఆ తరువాతి అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, రామకృష్ణారావు పుట్టిన కర్నూలు రాజధాని అయింది. అంతవరకు బళ్లారి జిల్లాలో ఉన్న ఆదోని తాలూకా, దానితో పాటు మంత్రాలయం, కర్నూలు జిల్లాలో చేరాయి. రాజధాని వచ్చింది గానీ తెలుగు సినిమా మద్రాసులోనే ఉండిపోయింది. స్టూడియోలు, ప్రయోగశాలలు, వాద్యకారులు, సాంకేతిక నిపుణులు ఒకచోట కుదురుకున్నాక, డేరాల్లో కచేరీలు నడుపుకుంటున్న కొత్త రాజధానికి వాటిని తరలించడం ఊహకు అందని పని. భానుమతి దంపతుల ఇల్లూ అక్కడే, పనీ అక్కడే.

మరుసటి ఏడాది భరణీ సంస్థ నుంచి రెండు చిత్రాలు వచ్చాయి. ‘చక్రపాణి’కి సంగీతం కూడా భానుమతే సమకూర్చారు. ‘విప్రనారాయణ’లో పరమభక్తుడిని మోహంలోకి దింపి, తానే భక్తిలోకి మారే దేవదేవిగా ఆమె నటించారు. అక్కినేని నాగేశ్వరరావు విప్రనారాయణుడు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఈ చిత్రానికి యోగ్యతా పత్రం లభించింది.

ఈ బలం వెనుక ఉన్నప్పుడే ‘మిస్సమ్మ’ వివాదం వచ్చింది. విజయా సంస్థ ఆ చిత్రాన్ని మొదట భానుమతితోనే ఆరంభించి కొంత భాగం చిత్రించింది. వరలక్ష్మీవ్రతం నాడు పూజ ముగించుకుని ఆమె ఆలస్యంగా సెట్టుకు రావడం, నిర్మాత చక్రపాణి రాతపూర్వక క్షమాపణ కోరడం, ఆమె ససేమిరా అనడం, తీసినదంతా పక్కనపెట్టి ఆ పాత్రను సావిత్రికి ఇవ్వడం తెలుగు సినిమా చరిత్రలో పదే పదే చెప్పుకునే ఘట్టం. చక్రపాణి పట్టుదలనూ తక్కువ చేయనక్కరలేదు. వందమంది పనివాళ్లు నిరీక్షించే చోట గడియారం అందరికీ ఒకటే కావాలన్న నిర్మాత వాదంలో న్యాయముంది. ఇంటి పూజ తన ఒప్పందం కంటే తక్కువది కాదన్న నటి వాదంలోనూ న్యాయముంది. తేల్చింది న్యాయం కాదు, ఇద్దరి స్తోమత. వేరే నటిని పెట్టుకోగల స్తోమత సంస్థకు ఉంది, ఆ వేషం వదులుకోగల స్తోమత భానుమతికి ఉంది. సావిత్రికి అంత గొప్ప పాత్ర దక్కినందుకు ఆమె తరువాతి రోజుల్లో సంతోషమే తెలిపారు.

తమిళ చిత్రసీమలోనూ ఆమె తీరు మారలేదు. ‘మదురై వీరన్’, ‘అలీబాబావుం నార్పదు తిరుడర్గళుం’ చిత్రాలతో ఎం.జి.రామచంద్రన్ సరసన ఘనవిజయాలు చూసిన తరువాత, ఆయన స్వయంగా దర్శకత్వం వహించిన ‘నాడోడి మన్నన్’ చిత్రీకరణలో అభిప్రాయభేదాలు వచ్చాయి. ఆమె తప్పుకున్నారు, కథలో ఆమె పాత్ర మధ్యలోనే ముగిసింది. 1958లో ఆ చిత్రం వచ్చేనాటికి రామచంద్రన్‌ను కాదన్న నటీమణులు తమిళనాట వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే.

బయట ఇంత కటువుగా కనిపించిన మనిషి ఇంట్లో ఎలా ఉండేవారన్నదానికి ఆమె రచనలే మంచి ఆధారం. షూటింగుల విరామాల్లో రాస్తూ వచ్చిన ‘అత్తగారి కథలు’ తెలుగు హాస్య సాహిత్యంలో విలక్షణమైనవి. మడి, ఆచారం, పిసినారితనం, అమాయకత్వం కలబోసిన ఒక అత్తగారు, ఆమె చేష్టలను ఎదిరించకుండా గమనిస్తూ చెప్పే కోడలు, ఆవకాయ పెట్టడం వంటి చిన్న పని చుట్టూ ఇల్లంతా ఏకమయ్యే గందరగోళం. ఈ కథల్లోని అత్తగారు రచయిత్రి సొంత అత్తగారేనని అనుకోవడం తొందరపాటు అవుతుంది గానీ, వంటింటిని, పెరటిని, పాలవాళ్లతో బేరాలను అంత వివరంగా రాయగలిగినవారు ఆ ఇంటిని పనివాళ్లకు వదిలేసి తిరిగినవారు కాలేరు. తెర మీద గడుసు కథానాయికగా పేరుపడిన స్త్రీ, కథల్లో నోరు మెదపని కోడలి పాత్రను తనకు ఎంచుకోవడంలో ఆమె స్వభావంలోని రెండో ముఖం తెలుస్తుంది. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆత్మకథ ‘నాలో నేను’కు జాతీయ స్థాయిలో సినిమా గ్రంథాలకు ఇచ్చే పురస్కారం లభించింది. జ్యోతిషం మీద కూడా ఆమెకు పట్టు ఉండేది.

రామకృష్ణారావు గురించి లోకం తక్కువగా మాట్లాడుకుంది. ప్రసిద్ధురాలైన భార్య పక్కన నిలిచిన భర్తలను చరిత్ర సాధారణంగా నీడలోనే వదిలేస్తుంది. అయితే ఆయన స్థానం ఎంత కీలకమో మరో హాలీవుడ్ గాయని జీవితంతో పోల్చితే తెలుస్తుంది. 1965 నాటి ‘తోడూ నీడా’లో భానుమతి పాడిన ఆంగ్ల పాట, 1956లో డోరిస్ డే ఒక హిచ్‌కాక్ చిత్రంలో పాడి ప్రపంచమంతా వినిపించినది. ఆ డోరిస్ డే వ్యవహారాలు చూసినవాడూ ఆమె భర్తే. 1968లో ఆయన మరణించాక, దశాబ్దాల సంపాదన హరించుకుపోయి అప్పులు మిగిలాయని, తనకు తెలియకుండానే ఒక టెలివిజన్ ధారావాహికకు తనను ఒప్పందంలో కట్టేశారని ఆమెకు తెలిసింది. న్యాయవాది మీద దావా వేసి, 1974లో తీర్పు పొందేదాకా ఆమె పోరాడవలసి వచ్చింది. భర్త చేతిలో వ్యవహారం పెట్టడం ఇద్దరి జీవితాల్లోనూ ఉంది. డోరిస్ డే సంతకం చేసి పక్కకు తప్పుకున్నారు, భానుమతి లెక్కల్లో, కథల్లో, కూర్పు గదిలో భర్త పక్కనే కూర్చున్నారు. కర్నూలు నుంచి వచ్చిన ఆ మితభాషి భార్య పేరుకు అడ్డురాలేదు, ఆమె మాటకు విలువ తగ్గించలేదు. భానుమతి కూడా తుదిదాకా భానుమతీ రామకృష్ణగానే చెలామణీ అయ్యారు.

1966లో పద్మశ్రీ, అదే ఏడాది ‘పల్నాటి యుద్ధం’లో నాయకురాలు నాగమ్మ పాత్ర, తరువాత తల్లి, బామ్మ వేషాలు వచ్చాయి. 1982లో పిల్లలనే నటులుగా పెట్టి ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు. 1984లో ‘మంగమ్మగారి మనవడు’తో కొత్త తరానికి మళ్లీ పరిచయమయ్యారు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా ఆమె పనిచేస్తున్న కాలంలోనే, 1986లో, రామకృష్ణారావు కన్నుమూశారు. నలభై మూడేళ్ల దాంపత్యం, దానితో కలిసి నడిచిన వ్యాపారం ఒక్కసారిగా ఆమె ఒంటి చేతికి వచ్చాయి. ఆ తరువాత కూడా ఆమె నటించారు, రాశారు. 2001లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో, 80 ఏళ్ల వయసులో మరణించారు.

తన పాట తానే పాడుకునే నటి కావడం భానుమతికి ఎంత బలమిచ్చిందో ఈ భాగంలో చూశాం. ఆమె తరువాత వచ్చిన కథానాయికల్లో చాలామందికి ఆ బలం లేకపోవడానికి కారణం నేపథ్య గానం, అంటే తెరవెనుక ఒకరు పాడితే తెర మీద మరొకరు పెదవులు కలిపే పద్ధతి. దాని ఆరంభపు రోజులూ వాహినీ ఆవరణలోనే ఉన్నాయి. ‘స్వర్గసీమ’లో భానుమతి పక్కన తొలిసారి సినిమా పాట పాడిన ఘంటసాల వేంకటేశ్వరరావు ఆరేళ్లు తిరిగేసరికి ‘మల్లీశ్వరి’లో రామారావుకు గొంతు అయ్యారు. నాగయ్య వంటి గాయక నటుల యుగం ఎలా సన్నగిల్లింది, గాయకులకూ నటులకూ మధ్య పారితోషికాల తగాదా ఎలా మొదలైంది, రేడియో, గ్రామఫోను కంపెనీలు అందులో ఎవరి పక్షం వహించాయి అన్న విషయాలు వచ్చే భాగంలో.